అక్కులప్ప గణకయంత్రక్రయము

గ్రీష్మము ముగియవచ్చియు వర్షము ఆరంభింపనొల్లని యొకానొక దుస్సహమగు వారము రాయలసీమయందు ప్రతివత్సరమును తప్పక ఏతెంచుచుండును. ఆ వారమున నీలమేఘములు చిత్రావతీతీరమునందలి నల్లరాతిగుట్టల శిఖరములపై క్షణకాలము విశ్రమించి జనులకు ఆశ గొలిపి ఒక్క చినుకైనను రాల్పక పిలువని పేరంటమునకు వచ్చినవారివలె మొగము చాటువేసికొని పడమటిదిక్కునకు తొలగిపోవుచుండును. అట్టి వారమున ఒకనాటి యుదయమున ధర్మవరపట్టణమునందలి నేతగాండ్ర తొగటవీధిలో దండెములపై ఆరవేయబడిన పట్టునూలు చుట్టలగు చిలపలు నెమలికంఠపు నీలమును కనకాంబరపు నారింజయు మామిడిపిందె పచ్చయునై వేడిగాలికి మెల్లమెల్లగా ఊగులాడుచుండగా అద్దకపుకాగుల నుండి వెడలు ఆవిరి వాకిటివాకిట క్రమ్ముకొనుచుండెను. చూడవచ్చినవారికి అది కన్నులపండువ. ఆ వీధివారికి మాత్రము చెవులలో ఏదియో వెలితి. ఏలయన ఆరుచున్నవి పొరుగువీధులవారి చిలపలు. అచ్చటి పండ్రెండు మగ్గములు నెలదినములుగా మూగవోయి యుండెను.

ఆ వీధి తూర్పుకొసయందు అక్కులప్ప యను డిజైను వ్రాతగాడు కలడు. పట్టుచీర కట్టినవారు పెక్కుమంది యున్నను దాని పుట్టుక నెరిగినవారు తక్కువ గనుక ఇచ్చట ఒక్కమాట చెప్పవలసియున్నది. చీర యంచునందలి హంసయు పవిటయందలి లతయు ముందుగా గళ్ళకాగితముమీద జన్మించును. ఒక్కొక్క గడి ఒక్కొక్క పోగునకు గుర్తు. ఆ గళ్ళను రంగుపెన్సిలుతో నింపుచు పోవుటయే వ్రాతగాని వృత్తి. ఆ కాగితమును జూచి అట్టలకు రంధ్రములు పొడిచి మగ్గముమీది కెక్కింతురు. ముప్పదియేండ్లుగా వేలకొలది కాగితములపై లక్షలకొలది గళ్ళు నింపిన అక్కులప్ప హంసను గీసెనేని దాని యీకలను లెక్కపెట్టవచ్చునని ప్రతీతి. ఆయనకు గర్వము లేదందునా? అబద్ధమాడిన పాపము నాకు వచ్చును. పనివానికి గర్వము కూరలో ఉప్పువంటిది. అక్కులప్ప వడ్డించుకొన్నది కొంచెము ఎక్కువే.

ఆయన యిల్లాలు రామక్క అద్దకమున ఆరితేరినది. పెండ్లియైన నాటినుండి రంగుకాగులయందు ముంచి ముంచి ఆమె చేతులు మోచేతులదాక ఏదో యొక వర్ణమును ధరించియే యుండును. భర్త గీసిన లతకు ఏ పచ్చ నప్పునో అంచునకు ఏ యెరుపు నిలుచునో నిర్ణయించునది ఆమెయే. వీధిలో ఈ సంగతి నెరుగనివారు లేరు. చీరల వర్తకులకు మాత్రము తెలియదు. వారు వచ్చినప్పుడు అక్కులప్ప అరుగుమీద గూర్చుండి మాటలాడును, రామక్క పెరటిలో కాగులవద్ద నుండును.

ఆ యుదయమున నాగభూషణశెట్టి వచ్చెను. ఈయన పెండ్లిచీరల వర్తకుడు. మంచివాడే కాని మాట తూకమువేసి యిచ్చువాడు. అరుగుమీద గూర్చుండి మజ్జిగ త్రాగి గ్లాసు క్రింద బెట్టి యిట్లనెను.

"అక్కులప్పా, ఇంగ కాగితాలు నాకొద్దప్పా. బెంగుళూరోళ్ళు కంప్యూటర్లో గీసి, రంగులేసి, చీర నేసినట్లే చూపిస్తాండారు. నాకూ అట్లనే కావల్ల. కార్తీకం పెండ్లిండ్లకు పన్నెండు మగ్గాల పనుంది. నెల దినాలకు వస్తా. చూపిస్తే పని మీ వీధికి. లేదంటే వాళ్ళకు. మళ్ళ నన్ను అనొద్దు."

శెట్టి వెడలిపోయెను. అక్కులప్ప అరుగుమీద అట్లే కూర్చుండిపోయెను. తన యొక్కని బ్రతుకే యైనచో ఏదో విధమున ఈడ్చుకొనవచ్చును. పండ్రెండు మగ్గములవారు తన మొగము జూచుచున్నారు. ఈ పని చేజారెనేని నేతగాండ్రు మగ్గములు విప్పి కట్టెలకు అమ్ముకొందురు. తాను ఏబదియొకటవ యేట ఏ కల్యాణమంటపము వాకిటనో కర్ర పట్టుకొని కాపలా నిలువవలసివచ్చును.

యంత్రమును నడుపు విద్య ఆయనకు తెలియకపోలేదు. నేతగాండ్ర సంఘమువారు నడిపిన తరగతిలో రెండునెలలు యువకులమధ్య గూర్చుండి మౌసు పట్టుకొనుటయు గళ్ళు నింపుటయు నేర్చెను. డిజైను గీయు ప్రోగ్రామును సంఘమువారే ఒక పెన్‌డ్రైవులో వేసి యిచ్చిరి. లేనిది యంత్రము. దానికై ఆయన చేతనున్నది చీటీ పాడగా వచ్చిన అరువదియైదువేలు. అంతకు మించి పుట్టు తావు లేదు. ఒక్కసారి తప్పుగా కొన్నచో రెండవసారి కొనుట యనునది కల్ల.

ఇట్టి సంకటమున మనుష్యుడు చేయు మొదటి పొరబాటు పదిమందిని సలహా యడుగుట. ప్రాసెసరు బలముగా నుండవలెనని సంఘపు గుమాస్తా చెప్పెను. బొమ్మలను తెరపై గీయు గ్రాఫిక్సుకార్డే ముఖ్యమని ఫోటోస్టూడియోవాడు చెప్పెను. పాత యంత్రము సగము ధరకే వచ్చునని బావమరది చెప్పెను. పాతది కొనుట పాముతో చెలిమి యని ఆ బావమరది భార్యయే చెప్పెను. అక్కులప్ప ఒక కాగితముమీద అన్నియు వ్రాసికొని అన్నియు కొట్టివేసి చివరకు ఆ కాగితమును చింపివైచెను. మూడుదినములు అన్నము సయించలేదు.

"నేనూ వస్తా పదయ్యా. నాలుగు కండ్లు మేలు కదా," అని శనివారమునాడు రామక్క అనెను.

"బియ్యం కొనేదానికి పోతాండామా? ఆడోళ్ళకు ఏం తెలుస్తాదిలే. ఇంట్లో ఉండు," అని అక్కులప్ప ఒక్కడే శుభఘడియ జూచుకొని అనంతపురమునకు బస్సెక్కెను.

గడియారస్తంభమునకు సమీపమున పీరాసాబు అను నతని అంగడి కలదు. లోపల అడుగిడినంతనే చల్లనిగాలియు వెలుగులును అక్కులప్పను చుట్టుముట్టెను. ఎదుటిగోడకు మంచమంత తెర యొకటి వ్రేలాడుచుండెను. దానియందు ఏదో యాట నడచుచుండగా అడవిలో చెట్ల ఆకులు ఒక్కటొక్కటిగా కదలుచుండెను. అక్కులప్ప కన్నులు ఆ ఆకులయందే చిక్కుకొనెను.

"ఏం పనికప్పా కంప్యూటరు?" అని పీరాసాబు అడిగెను.

"చీరల డిజైన్లు గీసేదానికి."

"అట్లయితే మెమరీ ఎక్కువుండేది, రంగు బాగుండే తెర తీసుకోండి. ఇదంతా ఆటలాడేవాళ్ళకు."

"నా ఆకు కూడా అట్లనే కనపడల్లప్పా. ఆ ఆట నడిపే కార్డే ఇయ్యి. తెర ఉండేవాట్లో అన్నిటికన్నా పెద్దది ఇయ్యి."

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"ముప్పై ఏండ్లు ఇదే పని చేసినా. నాకు చెప్పొద్దు," అని అక్కులప్ప ఉప్పు వడ్డించుకొనెను. ఒకసారి వద్దనిన అంగడివాడు రెండవసారి వద్దనునా? ఆటలాడు కార్డును ముప్పదిరెండంగుళముల తెరయు నెమలి పురి విప్పినట్లు యంత్రభాగముల నిముడ్చుకొని ఏడురంగుల దీపములు వెలుగు గాజుపెట్టెయు బిల్లు వ్రాయబడెను. ఆ మూటికి సొమ్మంతయు పోగా మెమరీకి మిగిలినది పిడికెడు. ముద్ర విప్పని సరకును ఏడుదినములలోపల అంతే ధరకు మరియొక సరకుతో మార్చుకొనవచ్చుననియు ముద్ర విప్పిన పిమ్మట ఎవ్వరితోను వాదము లేదనియు బిల్లు అడుగున వ్రాసియుండెను. అక్కులప్ప దానిని చదివి జేబులో పెట్టుకొనెను. తిరుగుబస్సులో తెరపెట్టెను ఒడిలో పసిబిడ్డవలె పెట్టుకొని గుంత వచ్చినప్పుడెల్ల దేవుని తలచుకొనుచు ఇల్లు చేరెను.

ఆ వీధియందు ఒక ఆచారము కలదు. కొత్తమగ్గము గాని పన్నె గాని ఇంటికి వచ్చినప్పుడు గడపలో హారతి యిచ్చి పసుపుకుంకుమలు పెట్టి లోపలికి తెత్తురు. తమ యిలవేలుపగు చౌడేశ్వరీదేవికి ప్రీతికరమగు శుక్రవారము వచ్చువరకు దానిని ముట్టరు. అక్కులప్ప పెట్టెలన్నిటిని దేవునిగదిలో వరుసగా నిలిపి ఒక్కొక్కదానికి పసుపు మెత్తి కుంకుమబొట్లు పెట్టి పూలమాల వేసెను. వీధివారందరు వచ్చి పెండ్లికూతును జూచినట్లు పెట్టెలను జూచిపోయిరి. "పని వస్తాదా అన్నా?" అని ఒక్కొక్కరు అడుగుచుండగా ఆయన "వస్తాదిలే, వస్తాది," అని చెప్పుచు పూలమాలలను మరల మరల సరిదిద్దుచుండెను.

గురువారము సాయంకాలమున దీపము పెట్టబోయిన రామక్క తెరపెట్టె ప్రక్కన అచ్చువేసిన అంకెలను జూచెను. ఆమెకు చదువు అంతంతమాత్రమే గాని లెక్కలలో ఆమెను మోసగించినవాడు పుట్టలేదు.

"ఏమయ్యా, ఇక్కడ పదమూడు వందల అరవైయారు, పక్కన ఏడు వందల అరవైయెనిమిది అని ఉంది. ఏంటివి ఇవి?"

"కంపెనీవాళ్ళ లెక్కలే, మనకేంటికి."

"కనుక్కుంటే ఏం పోతాది? ఫోను చెయ్యి."

అక్కులప్ప విసుగుకొనుచునే ఫోను చేసెను. ఆ పెట్టెపై ఉన్నది తెరయందలి చుక్కల లెక్కయని పీరాసాబు చెప్పెను. తెరపై కనబడునదంతయు చుక్కలచేతనే యేర్పడుననియు అడ్డముగా ఒక వరుసలో పదమూడువందల అరువదియారు చుక్కలు కలవనియు చెప్పెను. చిన్న తెరలయందు అంతకన్న ఎక్కువ చుక్కలుండునవి కలవా యని రామక్క అడిగించెను. కలవనెను, పందొమ్మిదివందల యిరువది చుక్కలవి ఇరువదినాలుగంగుళములలోనే దొరకుననెను.

రామక్క వ్రేళ్ళు మడచి లెక్కవేసెను. పిమ్మట మెల్లగా అనెను. "మన పవిట అడ్డం పద్దెనిమిదినూర్ల గళ్ళు కదా. దీంట్లో ఎట్ల పడతాదయ్యా? వెడల్పు చూసి తెచ్చినావు, పన్నె చూడలేదు."

చదువరీ, పన్నె యనగా మగ్గముపై పడుగుపోగులు దూరు దువ్వెనవంటి సాధనము. దానియందు ఎన్ని సందులున్న బట్ట అంత నాణ్యము. వెడల్పు పెరిగినంతమాత్రమున బట్ట సన్నమగునా? గోనెపట్టా కూడ వెడల్పే. ఈ సంగతి తొగటవీధిలో నడక నేర్చిన బిడ్డకు సైతము తెలియును. అక్కులప్పను ముంచినది ఆయన కాగితము. గళ్ళకాగితము పెద్దదైనకొలది గళ్ళు ఎక్కువయగును గనుక తెరయు పెద్దదైనకొలది గళ్ళు ఎక్కువయగునని ఆయన నమ్మెను. ముప్పదియేండ్ల విద్యయే ఆయనకు గోయి త్రవ్వినది.

ఆయన గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుండిపోయెను. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్లాయె రామక్కా. అయిపోయింది. అందరినీ ముంచితి," అని రెండు చేతులతో తల పట్టుకొనెను.

"ఏం కాలింది? సీలు విప్పలేదు కదా. ఏడు రోజులు ఎప్పటికైతాది?"

శనివారము మొదలు లెక్కింపగా శుక్రవారమునకు ఏడు. అనగా మరునాడే. మరల ఫోను చేయగా పీరాసాబు ఇట్లనెను. "రేపు పన్నెండున్నరకే మూసేస్తానప్పా. నమాజుకు పోయి, అట్లే కదిరికి. మా అక్క కూతురు నిఖా. అంతలోగా వస్తే చూద్దాం."

మరునాడు మంచిఘడియలోనే బయలుదేరవలెనని తెల్లవారినది మొదలు అక్కులప్ప పంచాంగము పట్టుకొని తిరుగుచుండెను. కాని పెట్టెలను మోయు ఆటో దొరకుటకే పదిగంటలు దాటెను. బస్సు వచ్చుసరికి పదిన్నర. శుక్రవారమున రాహుకాలము సరిగా అప్పుడే ప్రవేశించును.

"రాహుకాలంలో గడప దాటినాం. ఇంగ పని అయినట్లే!" అని ఆయన నిట్టూర్చెను.

"పోయిన శనివారం మంచి గంటలోనే కదా నువ్వు పోయి కొనుక్కొచ్చింది?" అని రామక్క అనెను. అక్కులప్ప పంచాంగమును మూసివేసెను. ఆమె చంకలోని చిన్నసంచిలో ఏవో మూటగట్టి తెచ్చుచుండెను. బస్సు ప్రతి యూరను నిలిచెను. ప్రతి నిలుపునను ఆయన గడియారము జూచుకొనెను.

వారు అంగడి మెట్లెక్కునప్పటికి పండ్రెండు. పీరాసాబు తెల్లటి టోపీ పెట్టుకొని సగము తలుపు మూయుచుండెను. తక్కిన పెట్టెల ముద్రలు సరిగానే యుండెను గాని తెరపెట్టెను బల్లపై బెట్టించి దాని ముద్రను జూచి ఆయన మొగము ముడుచుకొనెను.

"ఏందప్పా ఇది! సీలు మీద పసుపు పూసినారే. కుంకుమ కూడా. కంపెనీవాడు దీన్ని చూస్తే విప్పి మళ్ళ అతికించినారంటాడు. నేను ఎట్ల తీసుకునేది?"

దేవతను ప్రసన్నురాలిని చేయబోయి దారి నేనే మూసికొంటినా యని అక్కులప్ప నలుదిక్కుల వెదకెను. గోడవద్ద చేతులు కడుగుకొను కుళాయియు సబ్బును కనబడగా రుమాలు తడిపి సబ్బు రుద్ది ముద్రవైపునకు పరుగున వచ్చెను.

"ఆగయ్యా!" అని రామక్క ఆయన చేయి పట్టుకొనెను. "సబ్బు తగిలితే పసుపు ఎర్రగైతాది. నెత్తురు పూసినట్ల కనపడతాది. అప్పుడు ఎవరి తరమూ కాదు." పిమ్మట పీరాసాబువైపు తిరిగి, "సామీ, మిషన్లు తుడిచే స్పిరిట్టు ఉంటాదా మీ దగ్గర?" అని యడిగెను.

ఉండెను. రామక్క పత్తితునకను స్పిరిట్టులో ముంచి పిండి రుద్దక అద్దుచు ఎత్తుచు అద్దుచు ఎత్తుచు పసుపును పత్తిలోనికి పీల్చెను. ముప్పదియేండ్లు రంగు నెక్కించిన చేయి రంగు దింపుటయు నెరుగును గదా. ఎనిమిది తునకలు పచ్చబడెను. తొమ్మిదవది తెల్లగనే వచ్చెను. ముద్ర చెక్కు చెదరక కంపెనీ గుర్తుతో మెరసెను. పీరాసాబు దానిని వెలుతురునకు పట్టి తిప్పి తిప్పి చూచెను.

"సరేలేమ్మా," అని పీరాసాబు అనెను. "కానీ డబ్బు వాపసు ఉండదు. అంతే ధరకు ఏం కావాలో తొందరగా చెప్పండి. ఇరవై నిమిషాలుంది."

ఇరువది నిమిషములు! మూడుదినములు మథనపడి తప్పుగా నెన్నినదానిని ఇరువది నిమిషములలో సరిగా నెన్నవలెను. అక్కులప్ప జీవితమున మొదటిసారిగా భార్యవైపు చూచి, "నువ్వే అడుగు," అనెను.

"ఆ ఆటల కార్డు లేకుంటే మా డిజైను తెరుచుకుంటాదా?" అని రామక్క అడిగెను.

"తెరుచుకుంటాదమ్మా. ఆటలు మాత్రం ఆడవు."

"మా ఇంట్లో ఆడేది మగ్గమేలే. అది తీసెయ్యి. పెద్ద డిజైను పట్టుకుంటే మిషను తడబడకుండా ఉండల్లంటే ఏం కావల్ల?"

"మెమరీ. మీకు ఎనిమిది జీబీ ఉంది. ముప్పైరెండు చేస్తా."

"గీస్తా ఉంటే కరెంటు పోతే?"

పీరాసాబు నవ్వెను. "గీసిందంతా పోతాది. యూపీయస్సని ఒక పెట్టె ఉంటాది. కరెంటు పోయినా కాసేపు నడుపుతాది. నాలుగు వేలు."

"అది పెట్టు. ఈ దీపాల పెట్టె తీసెయ్యి. పైన పటారం లోన లొటారం. ఇనప పెట్టె చాలు."

అక్కులప్ప తాను మోజుపడి కొన్న నెమలిపురి దీపములను కడసారి చూచి తల ప్రక్కకు త్రిప్పుకొనెను. ఇక తెర. పందొమ్మిదివందల యిరువది చుక్కలవి ఆ ధరలో మూడు కలవు. మూడును వరుసగా వెలిగింపబడెను. అక్కులప్పకు మూడును ఒక్కటిగనే కనబడెను. అప్పుడు రామక్క సంచి విప్పి కనకాంబరము నెమలికంఠము పిందెపచ్చ యను మూడు పట్టుచిలపలను తీసి, సంఘపు పెన్‌డ్రైవును గూడ అందించి దానియందలి రంగుల పట్టికలో అవియే రంగులను తెరచి చూపుమనెను. చిలపను మొదటి తెర ప్రక్కన పట్టెను. తెరలోని కనకాంబరము మిరపపండయ్యెను. రెండవదియందు ఎదుట నిలిచినప్పుడు సరిగానే యుండెను గాని ఆమె రెండడుగులు ప్రక్కకు జరిగినంతనే నెమలికంఠము బూడిదగా మారెను.

"ఇది ఎదురుగ ఒక మాట, పక్కకు పోతే ఒక మాట చెప్తాంది. వద్దు," అని ఆమె మూడవదానికి పోయెను. అది అందచందములు లేనిది, చట్రముమీద దుమ్ము పట్టినది. చిలపను దాని ప్రక్కన పట్టి ముందునుండియు ప్రక్కనుండియు వంగియు లేచియు చూచెను. చూచి చూచి, "ఇది," అనెను. పీరాసాబు లెక్కకట్టగా మునుపటి బిల్లుకన్న నూటపది రూపాయలు మాత్రమే తక్కువ వచ్చెను. ఆ నూటపదికి బదులుగా ఆయన మౌసు క్రింద పరచు పలకను ఇచ్చి తాళము వేసికొని పరుగున పోయెను. అంగడి మెట్లమీద అక్కులప్ప కూర్చుండి పెద్దగా ఊపిరి విడిచెను. కన్నులు తడిసినవి. ఆయన వానిని తుడుచుకొనలేదు.

తరువాతి యిరువదిదినములు ఆ యింట పొయ్యి ఆలస్యముగా రాజుచుండెను. అక్కులప్ప గళ్ళు నింపును. రామక్క చిలప పట్టును. కరెంటు నాలుగుసార్లు పోయెను. గీసినది పోలేదు. కాని భయము మాత్రము ఎక్కడికిని పోలేదు. పండ్రెండు మగ్గములవారు దినమునకు ఒకరుగా వచ్చి గుమ్మమున నిలిచి తెరను జూచి ఏమియు అడుగక మరలిపోవుచుండిరి. అడిగినదానికన్న అడుగనిదే ఎక్కువ బరువుగా నుండెను.

నెలదినములకు సరిగా నాగభూషణశెట్టి వచ్చెను. తెరయెదుట గూర్చుండెను. పవిట అడ్డముగా పద్దెనిమిదినూర్ల గళ్ళతో ఒక్కచూపులో కనబడెను. లతలమధ్య హంసలు. ఈకలు లెక్కపెట్టవచ్చును. శెట్టి తల మెల్లగా ఊపెను.

"బాగుందప్పా. కానీ అంచు ఇంకా మెరవల్ల. రాణి రంగు పెట్టు చూద్దాం."

అక్కులప్ప మౌసు నొక్కెను. అంచు భగ్గున మండినట్లు వెలిగెను. శెట్టి కుర్చీలో ముందుకు వంగెను.

"ఇది! ఇదే నాకు కావల్ల. ఇట్లనే నేసిస్తే పన్నెండు మగ్గాలూ మీవే."

వాకిట నేతగాండ్రు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. సరిగా అప్పుడే పెరటిగుమ్మము వద్దనుండి రామక్క కంఠము వినబడెను.

"ఆ రంగు రాదు సామీ."

శెట్టి తిరిగి చూచెను. ఇన్నియేండ్లలో ఆమె కంఠము వినుట ఆయనకు అదియే మొదలు.

"తెర లోపల దీపముంది. పట్టులో దీపం లేదు. నేను కాగులో ఎన్నిమార్లు ముంచినా అంత మెరుపు రాదు. వస్తాదని చూపించి చీర వేరేగ వస్తే, రేపు నీ అంగట్లో పడుంటాయి."

శెట్టి మొగమున రక్తము పొంగెను. "బెంగుళూరోళ్ళు వస్తాదనిరే? ఏమప్పా అక్కులప్పా, వస్తాదా రాదా? నువ్వు చెప్పు."

ఒక్కమాట. "వస్తాదిలే సామీ" యను ఒక్కమాట అనినచో పని నిలుచును. వాకిట పండ్రెండిండ్లవారు ఆ మాటకై చెవులు రిక్కించియున్నారు. ఆడోళ్ళకు ఏమి తెలియునని నెలదినముల క్రిందట అనిన నోరే అది. అక్కులప్ప లేచి నిలుచుండెను.

"రాదు సామీ. ఆమె చెప్పిందే నిజం. ఈ మిషను కూడా నేను ఒక్కన్నే పోయి తప్పుది కొంటి. ఆమె వచ్చి మార్చింది. ముప్పై ఏండ్లుగా నా డిజైన్లకు రంగు ఆమెదే. నేను నీకు చెప్పలేదు. రంగు సంగతి నన్ను అడగొద్దు, ఆమెను అడుగు."

శెట్టి కుర్చీనుండి లేచెను. చెప్పులలో కాళ్ళు పెట్టుకొనబోవుచున్నాడని వాకిటివారు నిట్టూర్చిరి. ఆయన రెండడుగులు పెరటివైపునకు వేసి నిలిచెను.

"పోయినేడు వస్తాదన్న రంగుతో నేయించిన చీరలు నలభై నా బీరువాలో ఉండాయమ్మా. ఒక్కరూ వద్దని చెప్పలేదు నాకు," అని ఆయన గొంతు తగ్గించి యనెను. "ఏ రంగు వస్తాదో అదే పెట్టించు. పని మీదే."

వాకిట ఎవడో ఈల వేసెను. ఎవరో ఏడ్చిరి. పని ఒప్పుకొన్నప్పుడు బయానాతో కూడిన తాంబూలమును వ్రాతగాని చేతికిచ్చుట ఆ వర్తకుల ఆచారము. శెట్టి సంచినుండి ఆకువక్కలు తీసి నోట్లు వానిపై నుంచి అలవాటుచొప్పున అక్కులప్పవైపు చాచెను. అక్కులప్ప రెండు చేతులను వెనుకకు పెట్టుకొని ప్రక్కకు తొలగెను. శెట్టి చేయి గాలిలో ఒక్క క్షణము నిలిచి పెరటిగుమ్మమువైపు తిరిగెను. రామక్క చేతులు మోచేతులదాక నీలముగా తడిసియుండెను. ఆమె వానిని చీరకొంగునకు తుడిచెను. మరల తుడిచెను. రంగు పోలేదు.

"పోదులేమ్మా. అట్లనే తీసుకో," అని శెట్టి యనెను.

ఆమె తీసికొనెను. పరిమితమగు సొమ్ముతో పరికరము నెన్నుకొనుట కష్టమే గాని దానికి లెక్కయు బిల్లును ఏడుదినముల గడువును కలవు. తన యింటనే యున్న కన్నును గుర్తించుటకు అట్టి గడువు లేదు. అక్కులప్పకు ముప్పదియేండ్లు పట్టినది.